కోడ్ ఎడిటర్‌లో కీబోర్డుతోనే తిరగడం: ముందు వెనక్కి రావడం నేర్చుకోండి

తిరుపతిలో విశ్వవిద్యాలయాల చుట్టుపక్కల రూములు తీసుకొని ఇంజనీరింగ్, ఎంసీఏ చదివే విద్యార్థులకు ప్రోగ్రామింగ్ నేర్పే పనిలో ఉన్నందువల్ల, వాళ్లు కోడ్ ఎడిటర్‌ను ఎలా వాడుతున్నారో దగ్గరగా చూసే అవకాశం నాకు దొరుకుతోంది. వాళ్లలో చాలామందికి బల్లా కుర్చీ ఉండవు. చాప మీద కూర్చొని ల్యాప్‌టాప్‌ను ఒళ్లో పెట్టుకుంటారు, చిత్తూరు నుంచి రోజూ వచ్చిపోయేవాళ్లయితే బస్సులోనే తెరుస్తారు. మౌస్ పెట్టడానికి చోటు ఉండదు, బస్సు కుదుపులకు టచ్‌ప్యాడ్ మీద వేలు నిలవదు. కీబోర్డుతోనే కోడులో తిరగడం ఇటువంటి వాళ్లకు అలంకారం కాదు, అవసరం. వాళ్లకు నేర్పేటప్పుడు ఏది నిలిచిందో, ఏది నిలవలేదో చూసి ఈ మార్గదర్శిని రాస్తున్నాను. ఇందులో చెప్పినవన్నీ విజువల్ స్టూడియో కోడ్‌కు, అంటే అందరూ వీఎస్ కోడ్ అని పిలిచే ఎడిటర్‌కు వర్తిస్తాయి. మైక్రోసాఫ్ట్ దీన్ని 2015లో ప్రకటించి, 2016లో మొదటి పూర్తి సంచికగా విడుదల చేసింది. ఉచితం కావడం వల్ల మన కాలేజీ ల్యాబుల్లోనూ ఎక్కువగా కనిపించేది ఇదే. కీలన్నీ విండోస్‌లో ఉన్నట్టు చెబుతాను, తేడా ముఖ్యమైన చోట లైనక్స్, మ్యాక్ సంగతి విడిగా ప్రస్తావిస్తాను.

కీబోర్డు వాడితే వేగం పెరుగుతుందని అందరూ చెబుతారు. అది నిజమే కాని, నా దృష్టిలో అసలు లాభం అది కాదు. ఒక ఫంక్షన్ చదువుతూ, అది పిలిచే మరో ఫంక్షన్ ఎక్కడుందో చూడాలని పక్కనున్న ఫైళ్ల చెట్టులో మౌస్‌తో వెతకడం మొదలుపెట్టినవాళ్లు, ఆ ఫైలు దొరికేసరికి ఏ సందేహంతో బయలుదేరారో మరిచిపోతున్నారు. చెయ్యి కీబోర్డు మీదనే ఉండి, కావలసిన చోటు వెంటనే తెర మీదికి వస్తే ఆలోచన తెగదు. అయితే ఇక్కడ ఒక మెలిక ఉంది. ముందుకు దూకే కీలను విద్యార్థులు ఇష్టంగా నేర్చుకుంటారు, వెనక్కి వచ్చే కీని ఎవరూ పట్టించుకోరు. నాలుగు ఫైళ్లు దాటి వెళ్లాక తిరిగి రావడం తెలియక మళ్లీ మౌస్ పట్టుకుంటారు. కీబోర్డు పద్ధతి తమకు సరిపడలేదని చెప్పి మానేసినవాళ్లతో మాట్లాడితే, ఎక్కువగా బయటపడిన కారణం ఇదే. కాబట్టి ఈ వ్యాసమంతటా వెనక్కి రావడానికే పెద్దపీట వేస్తున్నాను.

ఉదాహరణకు ఒక చిన్న ప్రాజెక్టును తీసుకుందాం. మన జిల్లాల్లో వేసవి వచ్చిందంటే తోతాపురి మామిడి లెక్కలే లెక్కలు. మండీలో కాటా వేసిన బరువు, తరుగు, కమీషన్, టన్ను ధర తీసుకొని రైతుకు రసీదు ఇచ్చే ప్రోగ్రామును జావాస్క్రిప్ట్‌లో రాశారనుకోండి. రసీదును ముద్రించే ఫైలు ఒకటి, బరువు లెక్క చూసే ఫైలు ఒకటి, ధరల ఫైలు ఒకటి ఉన్నాయి. రసీదులో తరుగు రెండుసార్లు కోత పడుతోందని ఫిర్యాదు వచ్చింది. ఆ తప్పు ఎక్కడుందో మౌస్ ముట్టకుండా పట్టుకోవాలి.

మొదలుపెట్టే ముందు

ఫైలును ఒంటరిగా తెరవకండి, ప్రాజెక్టు ఫోల్డరునే తెరవండి. కంట్రోల్+కె నొక్కి వదిలి, ఆ వెంటనే కంట్రోల్+ఓ నొక్కితే ఫోల్డరు ఎంచుకునే పెట్టె వస్తుంది. ఇలా రెండు విడతలుగా నొక్కే కీలు వీఎస్ కోడ్‌లో చాలా ఉన్నాయి. మొదటి విడత నొక్కగానే, రెండో కీ కోసం ఎదురుచూస్తున్నట్టు కింది పట్టీలో ఒక సందేశం కనిపిస్తుంది కాబట్టి కంగారు పడనక్కరలేదు. ఒక్క ఫైలునే తెరిచినవాళ్లకు ఆ ఫోల్డరులోని మిగతా ఫైళ్లను పేరుతో వెతికే వీలు ఉండదు, నిర్వచనాల వెతుకులాట కూడా సరిగా సాగకపోవచ్చు. ఒక పేరును రాసి పెట్టిన చోటికి, అంటే దాని నిర్వచనానికి, తీసుకువెళ్లే ఎఫ్12 కీ పని చేయడం లేదని వచ్చినవాళ్లను నేను మొదట అడిగేది ఫోల్డరు తెరిచారా అనే. జావాస్క్రిప్ట్, టైప్‌స్క్రిప్ట్ భాషలకు కావలసిన సదుపాయం ఎడిటర్‌లోనే ఉంటుంది. పైథాన్, సి, జావా వంటి వాటికి ఆయా భాషల ఎక్స్‌టెన్షన్లు, అంటే ఎడిటర్‌కు తగిలించే అదనపు భాగాలు, వేసుకోవాలి. ఏ పేరు ఎక్కడ పుట్టిందో, దాన్ని ఎవరెవరు పిలుస్తున్నారో ఎడిటర్‌కు చెప్పేది నేపథ్యంలో నడిచే లాంగ్వేజ్ సర్వర్ అనే ప్రోగ్రామే.

రెండోది ల్యాప్‌టాప్ పై వరుసలోని ఎఫ్ కీలు. చాలా ల్యాప్‌టాప్‌లలో అవి నేరుగా నొక్కితే వెలుతురునో శబ్దాన్నో మారుస్తాయి. ఎఫ్12 అనే సంకేతం వెళ్లాలంటే దానితోపాటు ఎఫ్ఎన్ కీని కూడా పట్టుకోవాలి. ఎఫ్ఎన్ లాక్ ఉన్న యంత్రమైతే దాన్ని వేసి ఉంచడం మంచిది. చాలా కంపెనీల ల్యాప్‌టాప్‌లలో అది ఎఫ్ఎన్, ఎస్కేప్ కలిపి నొక్కితే పడుతుంది. ఇకపై చెప్పబోయే వాటిలో ఎఫ్2, ఎఫ్8, ఎఫ్12 చాలాసార్లు వస్తాయి కాబట్టి ఈ పని ముందే పూర్తి చేసుకోండి.

మూడోది తెలుగు టైపు చేసే మనకు ప్రత్యేకంగా ఎదురయ్యే చిక్కు. విండోస్‌లో ఇంగ్లీషుతోపాటు తెలుగు కీబోర్డు కూడా పెట్టుకున్నవారికి ఎడమ ఆల్ట్, షిఫ్ట్ కలిపి నొక్కి వదిలితే భాష మారిపోతుంది. వీఎస్ కోడ్‌లో షిఫ్ట్+ఆల్ట్‌తో మొదలయ్యే ఉపయోగకరమైన కీలు అనేకం. ఆ రెండూ నొక్కి, మూడో కీ ఏదో గుర్తుకు రాక వదిలేస్తే చాలు, మీకు తెలియకుండానే కీబోర్డు తెలుగులోకి వెళుతుంది. ఆ తరువాత ఫైలు పేరు కొట్టబోతే తెలుగు అక్షరాలు పడి, ఏ ఫైలూ దొరకడం లేదని ఎడిటర్ చెబుతుంది. ఎడిటరే చెడిపోయిందనుకొని దాన్ని తీసేసి మళ్లీ వేసుకున్న విద్యార్థులు ఉన్నారు. విండోస్ 11లో సెట్టింగ్స్ తెరిచి, టైమ్ అండ్ లాంగ్వేజ్, అందులో టైపింగ్, అందులో అడ్వాన్స్‌డ్ కీబోర్డ్ సెట్టింగ్స్, అక్కడ ఇన్‌పుట్ లాంగ్వేజ్ హాట్ కీస్ అనే చోటికి వెళ్లి ఆ మార్పిడిని తొలగించండి. భాష మార్చుకోవడానికి విండోస్ కీ, స్పేస్ బార్ కలిపి నొక్కే పద్ధతి ఎలాగూ మిగిలే ఉంటుంది, తెలుగు రాయడానికి ఏ లోటూ రాదు.

పేరు కొడితే ఫైలు

కంట్రోల్+పి నొక్కితే తెర పైభాగంలో ఒక పెట్టె తెరుచుకుంటుంది. దీన్ని క్విక్ ఓపెన్ అంటారు. ఫైలు పేరు మొత్తం కొట్టనవసరం లేదు. రిసీట్‌ప్రింటర్ అనే ఫైలు కావాలంటే ఆ రెండు మాటల మొదటి ఇంగ్లీషు అక్షరాలు, అంటే ఆర్, పి కొట్టినా అది జాబితాలోకి వస్తుంది. బాణం కీతో ఎంచుకొని ఎంటర్ కొడితే తెరుచుకుంటుంది, కంట్రోల్+ఎంటర్ కొడితే తెర రెండుగా చీలి పక్కన ఏర్పడే గదిలో తెరుచుకుంటుంది. ఏమీ కొట్టకముందే ఇటీవల తెరిచిన ఫైళ్లు వరుసగా కనిపిస్తాయి. రెండు మూడు ఫైళ్ల మధ్యనే తిరిగే రోజుల్లో ఆ జాబితానే సరిపోతుంది.

ఈ పెట్టెలోనే మరికొన్ని శక్తులు దాగి ఉన్నాయి. ఫైలు పేరు తరువాత : పెట్టి వరుస సంఖ్య రాస్తే ఆ ఫైలులో ఆ వరుస దగ్గరే తెరుచుకుంటుంది. మొదట > పెడితే ఆదేశాల జాబితా, @ పెడితే ప్రస్తుత ఫైలులోని ఫంక్షన్ల జాబితా, # పెడితే ప్రాజెక్టు మొత్తంలోని పేర్ల జాబితా వస్తాయి. వీటిలో ఏది ఏమిటో మరిచిపోతే ? కొట్టండి, ఎడిటరే వివరిస్తుంది. విద్యార్థులు ఈ గుర్తులను కంఠస్థం చేయబోతారు గాని, ఆ ఒక్క ప్రశ్న గుర్తు జ్ఞాపకం ఉంటే మిగతావి వాడుకలో వాటంతట అవే పట్టుబడతాయి.

కంట్రోల్+షిఫ్ట్+పి నేరుగా ఆదేశాల జాబితాను, అంటే కమాండ్ ప్యాలెట్‌ను తెరుస్తుంది. కొత్తగా నేర్చుకునేవారికి దీన్ని మించిన గురువు లేదు. ఎందుకంటే మీరు వెతికిన ప్రతి ఆదేశం పక్కనా దాని కీ ఏమిటో రాసి ఉంటుంది. ఒక పనిని ప్యాలెట్ నుంచి పదే పదే చేస్తున్నారంటే, ఆ పక్కనున్న కీని నేర్చుకోవలసిన సమయం వచ్చిందన్నమాట. మౌస్‌తో మెనూలు వెతికేవారికి ఈ పాఠం ఎప్పటికీ అందదు.

నిర్వచనానికి వెళ్లడం, వెనక్కి రావడం

మన తరుగు సమస్యకు వద్దాం. కంట్రోల్+పితో రసీదు ఫైలు తెరిచారు. ఆ ఫైలులో రసీదును కట్టే ఫంక్షన్ ఎక్కడుందో చూడడానికి కంట్రోల్+షిఫ్ట్+ఓ నొక్కి పేరులోని రెండు మూడు అక్షరాలు కొట్టారు. జాబితాలో బాణంతో కదులుతున్నప్పుడే వెనుక ఫైలు కూడా కదిలి ఆ చోటును చూపిస్తుంది. ఎంటర్ కొడితే అక్కడ నిలుస్తుంది, ఎస్కేప్ కొడితే బయలుదేరిన చోటికే తెచ్చి దింపుతుంది. ఈ ఎస్కేప్ సంగతి గమనించండి, ఇది వెనక్కి రావడంలో మొదటి పాఠం.

ఆ ఫంక్షన్‌లో నికర బరువు లెక్కించే మరో ఫంక్షన్‌ను పిలిచారు. కర్సర్‌ను ఆ పేరు మీదికి తెచ్చి ఎఫ్12 నొక్కితే అది రాసి ఉన్న ఫైలు తెరుచుకొని, సరిగ్గా ఆ వరుసలో కర్సర్ నిలుస్తుంది. అక్కడ తరుగు తీసే ఫంక్షన్ కనబడింది. దాని మీద మళ్లీ ఎఫ్12 నొక్కారు. తరుగు లెక్క చూస్తే సక్రమంగానే ఉంది. మరి రెండుసార్లు కోత ఎలా పడుతోంది? దాన్ని ఎవరెవరు పిలుస్తున్నారో చూడాలి. షిఫ్ట్+ఎఫ్12 నొక్కితే అది వాడిన చోట్లన్నీ ఒక చిన్న కిటికీలో జాబితాగా వస్తాయి. నికర బరువు ఫంక్షన్ ఒకసారి పిలిచింది. రసీదు ఫైలు కూడా చివర్లో, మొత్తం సొమ్ము కట్టే చోట, మరోసారి పిలిచింది. తప్పు దొరికింది.

ఇప్పుడు మీరు బయలుదేరిన రసీదు ఫంక్షన్‌కు తిరిగి రావాలి. ఆల్ట్+ఎడమ బాణం నొక్కండి, ఒక మెట్టు వెనక్కి వస్తారు. మళ్లీ నొక్కండి, మరో మెట్టు. ఫైలు మారినా సరే, మీరు నిలిచిన ప్రతి ముఖ్యమైన చోటునూ ఎడిటర్ వరుసగా గుర్తుపెట్టుకుంటుంది. ఆల్ట్+కుడి బాణం మళ్లీ ముందుకు తీసుకువెళుతుంది. మ్యాక్‌లో ఈ పనికి కంట్రోల్, మైనస్ కీలు, ముందుకు వెళ్లడానికి వాటితోపాటు షిఫ్ట్ వాడాలి. లైనక్స్‌లో కంట్రోల్+ఆల్ట్+మైనస్ వెనక్కి, కంట్రోల్+షిఫ్ట్+మైనస్ ముందుకు. తిరుమల కొండకు ఎక్కడానికి ఒక ఘాట్ రోడ్డు, దిగడానికి మరొక ఘాట్ రోడ్డు ఉన్నందువల్ల పైకి వెళ్లే బండి తిరుగుదారి గురించి ఆలోచించనక్కరలేనట్టే, ఆల్ట్+ఎడమ బాణం చేతికి అలవాటైన మనిషి ఎంత లోతుకైనా బెదరక వెళ్లగలుగుతాడు. ఈ ఒక్క కీని ముందు నేర్పి, ఎఫ్12ను తరువాత నేర్పితే ఫలితం ఎంతో మెరుగ్గా ఉంటోంది. తిరిగి రాగలమన్న ధైర్యం ఉన్న విద్యార్థులు, తాము రాయని కోడును కూడా లోపలికంటా వెళ్లి చదువుతున్నారు.

వెనక్కి రావడంలోనే మరికొన్ని భేదాలు ఉన్నాయి, వాటిని విడివిడిగా తెలుసుకోవడం మేలు. వేరే ఫైళ్లు చదివి వచ్చాక, చివరిసారి మార్పు చేసిన చోటు కావాలనుకుంటే కంట్రోల్+కె, ఆపైన కంట్రోల్+క్యూ నొక్కండి. మధ్యలో ఎన్ని చోట్ల తిరిగినా అది నేరుగా మీ చేతిరాత ఉన్న చోటికే తీసుకువస్తుంది. కర్సర్ పొరపాటున ఎక్కడికో జరిగితే కంట్రోల్+యు దాన్ని మునుపటి స్థానానికి తెస్తుంది. ఇది రాసిన దాన్ని చెరపదు, కర్సర్‌ను మాత్రమే వెనక్కి జరుపుతుంది. మూసేసిన ఫైలు మళ్లీ కావాలంటే కంట్రోల్+షిఫ్ట్+టి. ఇక కంట్రోల్+ట్యాబ్ ఇటీవల చూసిన ఫైళ్లను వరుసగా చూపిస్తుంది. ఒక్కసారి నొక్కి వదిలితే ఇంతకు ముందు చూసిన ఫైలే వస్తుంది కాబట్టి, రెండు ఫైళ్ల మధ్య అటూ ఇటూ పోవడానికి దీనికి మించినది లేదు.

కొన్నిసార్లు అసలు వెళ్లనే అవసరం లేదు. ఆల్ట్+ఎఫ్12 నొక్కితే నిర్వచనం అక్కడికక్కడే, మీరు చదువుతున్న వరుస కింద ఒక కిటికీలో తెరుచుకుంటుంది. చూసి ఎస్కేప్ కొడితే మూసుకుపోతుంది, మీరు ఉన్న చోటనే ఉంటారు. ఫంక్షన్ ఏయే విలువలు తీసుకుంటుందో మాత్రమే తెలియవలసి వస్తే నేను దీన్నే వాడమంటాను. లోపలి తర్కం చదవాలనుకుంటే ఎఫ్12తో వెళ్లడమే మంచిది. ఆ ఇరుకు కిటికీలో పెద్ద ఫంక్షన్ చదవబోయి విసుగెత్తినవాళ్లను చూశాను.

ఒక ఫైలు లోపల

కంట్రోల్+బాణాలతో మాట మాటకూ, హోమ్, ఎండ్ కీలతో వరుస మొదటికీ చివరికీ, కంట్రోల్+హోమ్‌తో ఫైలు మొదటికీ వెళ్లడం చాలామందికి తెలిసిందే. కంట్రోల్+జి నొక్కి వరుస సంఖ్య రాస్తే అక్కడికి వెళ్తాం. అంతగా తెలియనిది బ్రాకెట్ల మధ్య దూకడం. కర్సర్ ఒక బ్రాకెట్ దగ్గర ఉండగా కంట్రోల్+షిఫ్ట్+\ నొక్కితే దానికి జతైన బ్రాకెట్ దగ్గరికి పోతుంది, మళ్లీ నొక్కితే వెనక్కి వస్తుంది. లూపులో లూపు, దానిలో షరతు పెట్టి రాసిన ల్యాబ్ ప్రోగ్రాములను చదవడానికి ఇది ఎంతగానో పనికొస్తుంది. అలాగే షిఫ్ట్+ఆల్ట్+కుడి బాణం ముందు మాటను, ఆపైన దాన్ని చుట్టిన వాక్యాన్ని, ఆపైన బ్రాకెట్ల మధ్య ఉన్నదంతా, ఇలా విస్తరిస్తూ ఎంచుకుంటుంది. ఎక్కువైపోతే షిఫ్ట్+ఆల్ట్+ఎడమ బాణంతో తగ్గించుకోవచ్చు.

ఒక పేరును చాలాచోట్ల మార్చవలసి వచ్చినప్పుడు ఆ పేరు మీద ఎఫ్2 నొక్కి కొత్త పేరు ఇవ్వడమే సురక్షితం, ఎందుకంటే అది భాషను అర్థం చేసుకొని, ఆ పేరుకే చెందిన చోట్లను మారుస్తుంది. కంట్రోల్+డి అలా కాదు. నొక్కిన ప్రతిసారీ అదే అక్షరాల వరుస తరువాత ఎక్కడ వచ్చిందో దాన్ని కూడా ఎంపికలో చేర్చి, అక్కడ మరో కర్సర్ పెడుతుంది. వద్దనుకున్న దాన్ని కంట్రోల్+కె, కంట్రోల్+డితో వదిలి ముందుకు పోవచ్చు. ఒకటి ఎక్కువ ఎంచుకున్నామనిపిస్తే ఇంతకు ముందు చెప్పిన కంట్రోల్+యు ఇక్కడ కూడా ఆదుకుంటుంది.

తప్పుల మధ్య తిరగడానికి ఎఫ్8 ఉంది. ఎర్ర గీత పడిన ప్రతి చోటికీ వరుసగా తీసుకువెళ్లి, అక్కడే తప్పు వివరాన్ని చూపిస్తుంది. షిఫ్ట్+ఎఫ్8 వెనక్కి నడుపుతుంది. ఆ చోట కంట్రోల్, చుక్క కలిపి నొక్కితే ఎడిటర్ సూచించే సవరణలు వస్తాయి. సూచించింది కదా అని చదవకుండా ఎంటర్ కొట్టవద్దని మాత్రం గట్టిగా చెబుతాను.

కోడు బయటికి పోయి రావడం

కీబోర్డుతో బాగానే నడుస్తున్నవాళ్లు కూడా తడబడేది ఇక్కడే. ఆదేశాలు టైపు చేసే కిటికీ అయిన టెర్మినల్‌లో ప్రోగ్రామ్ నడిపి, మళ్లీ కోడులోకి రావడానికి మౌస్ పట్టుకుంటారు. ఎస్కేప్ కింద ఉండే ` కీని కంట్రోల్‌తో కలిపి నొక్కితే టెర్మినల్ తెరుచుకొని కర్సర్ అందులోకి వెళుతుంది, మళ్లీ నొక్కితే మూసుకుపోయి కోడులోకి వస్తుంది. టెర్మినల్ తెరిచే ఉంచి కోడులోకి రావాలంటే కంట్రోల్+1 నొక్కండి. అది మొదటి ఎడిటర్ గదికి తెస్తుంది. కంట్రోల్+\తో తెరను రెండుగా చీల్చి ఉంటే కంట్రోల్+2 రెండో గదికి తీసుకువెళుతుంది. కంట్రోల్+0 పక్క పట్టీలోకి పంపుతుంది. అక్కడ బాణాలతో కదిలి ఎంటర్ కొట్టి ఫైలు తెరవవచ్చు. కంట్రోల్+బి ఆ పట్టీనే మాయం చేస్తుంది. చిన్న తెర ఉన్న ల్యాప్‌టాప్‌లలో దాన్ని ఎప్పుడూ మూసి ఉంచమనే చెబుతాను, కంట్రోల్+పి ఉండగా ఫైళ్ల చెట్టుతో రోజువారీ పని పెద్దగా ఉండదు. కర్సర్ ఎక్కడుందో అసలు తెలియకపోతే ఎఫ్6 నొక్కుతూ పోండి, కిటికీలోని భాగాలన్నింటినీ ఒక చుట్టు చుట్టి వస్తుంది.

ప్రాజెక్టు మొత్తంలో ఒక మాటను వెతకడానికి కంట్రోల్+షిఫ్ట్+ఎఫ్. ఫలితాలు వచ్చాక వాటిని మౌస్‌తో ఒక్కొక్కటిగా నొక్కనవసరం లేదు. ఎఫ్4 తరువాతి ఫలితానికి, షిఫ్ట్+ఎఫ్4 వెనుకటి ఫలితానికి తీసుకువెళతాయి.

చూపు లేనివారికి

మనకు కీబోర్డు సౌకర్యం కావచ్చు గాని, చూపు లేని ప్రోగ్రామర్లకు అది ఒక్కటే దారి. తెర మీద ఉన్నదాన్ని చదివి వినిపించే ఎన్‌విడిఎ అనే ఉచిత స్క్రీన్ రీడర్‌తో వీఎస్ కోడ్ చక్కగా పని చేస్తుంది. అందులో భాగంగా వచ్చే ఈస్పీక్ గొంతుకు తెలుగు కూడా వచ్చు. స్క్రీన్ రీడర్‌ను ఎడిటర్ సాధారణంగా తనంతట తానే గుర్తిస్తుంది, గుర్తించకపోతే షిఫ్ట్+ఆల్ట్+ఎఫ్1 నొక్కాలి. ఆల్ట్+ఎఫ్1 నొక్కితే ప్రస్తుతం ఉన్న చోట ఏయే కీలు పనికొస్తాయో చదివి వినిపించే సహాయం తెరుచుకుంటుంది. కర్సర్ తప్పు ఉన్న వరుసకు వచ్చినప్పుడు శబ్దంతో హెచ్చరించే ఏర్పాటు కూడా ఉంది. మరొకటి ముఖ్యం. కోడులో ట్యాబ్ కీ నొక్కితే ఖాళీ పడుతుంది, అందువల్ల ట్యాబ్‌తో బయటికి రావాలనుకునేవారు లోపలే చిక్కుకుపోతారు. కంట్రోల్+ఎం నొక్కితే ట్యాబ్ కీ ఖాళీ పెట్టడం మాని తరువాతి భాగానికి తీసుకువెళుతుంది, మళ్లీ నొక్కితే మామూలు స్థితికి వస్తుంది. దీన్ని తెలియక నొక్కినవాళ్లు ట్యాబ్ పాడైందని అనుకోవడం కూడా తరచు జరుగుతుంది. ఈ విషయాలను ప్రతి ల్యాబ్‌లోనూ బోధించాలని నా కోరిక. చూపు లేని విద్యార్థి పక్కన కూర్చున్నవారికి ఇవి తెలిసి ఉంటే సాయం అడగవలసిన అవసరమే చాలావరకు తగ్గుతుంది.

విమ్ పద్ధతి ఎవరికి

కొంత అలవాటు పడ్డాక విమ్ ఎక్స్‌టెన్షన్ వేసుకోమంటారా అని అడుగుతారు. విమ్ అనేది కీబోర్డుతోనే నడిపే మరో ఎడిటర్, 1991లో వచ్చింది. దాని కీల పద్ధతిని వీఎస్ కోడ్‌లోకి తెచ్చేదే ఈ ఎక్స్‌టెన్షన్. దానికి మూలమైన వీఐని బిల్ జాయ్ 1976లో మొదలుపెట్టారు. హెచ్, జె, కె, ఎల్ అక్షరాలతో కర్సర్‌ను కదిపే పద్ధతి, ఆయన వాడిన ఏడీఎం-3ఎ టెర్మినల్‌లో బాణాల గుర్తులు ఆ నాలుగు కీల మీదే ఉన్నందువల్ల వచ్చింది. బాణం కీల కోసం చెయ్యి జరపనవసరం లేకపోవడం ఇందులోని సుఖం. ఒళ్లో ల్యాప్‌టాప్ పెట్టుకొని పని చేసేవారికి అది నిజంగానే హాయి. కాని రాసే స్థితి, కదిలే స్థితి అని రెండు ఉండడం వల్ల మొదటి వారాల్లో పని మందగిస్తుంది. పరీక్షలు, ప్రాజెక్టు గడువు దగ్గర పడిన వేళ దీన్ని మొదలుపెట్టడం తగదు. పైగా కంట్రోల్+డి, కంట్రోల్+ఎఫ్ వంటి కీలను విమ్ తన పనులకు తీసుకుంటుంది, కాబట్టి పైన చెప్పిన వాటిలో కొన్ని వేరుగా ప్రవర్తిస్తాయి. సెట్టింగ్స్‌లో విమ్ యూజ్ కంట్రోల్ కీస్ అనే దాన్ని తీసేస్తే అవి మళ్లీ ఎడిటర్‌కే దక్కుతాయి. దాన్ని తీసేయకుండా ఉంచితే, విమ్ పద్ధతిలో నిర్వచనానికి జి, డి వరుసగా నొక్కాలి, వెనక్కి రావడానికి కంట్రోల్+ఓ, తిరిగి ముందుకు కంట్రోల్+ఐ. విమ్‌లోనూ ముందుగా నేర్చుకోవలసింది ఆ కంట్రోల్+ఓ నే.

కీలను మార్చుకోవడం

కంట్రోల్+కె, కంట్రోల్+ఎస్ నొక్కితే కీలన్నింటి పట్టిక తెరుచుకుంటుంది. అక్కడ వెతుకు పెట్టెలో ఉండగా ఆల్ట్+కె నొక్కి, ఆపైన ఏదైనా కీని నొక్కితే, ఆ కీకి ఏయే ఆదేశాలు కట్టి ఉన్నాయో చూపిస్తుంది. ఒక కీ అనుకున్నట్టు పని చేయనప్పుడు ముందు ఇక్కడ చూడండి, ఏదో ఒక ఎక్స్‌టెన్షన్ దాన్ని తీసుకొని ఉండవచ్చు. పట్టికలో ఏ తేడా కనిపించకపోతే కమాండ్ ప్యాలెట్‌లో టాగుల్ కీబోర్డ్ షార్ట్‌కట్స్ ట్రబుల్‌షూటింగ్ అనే ఆదేశం ఇవ్వండి, నొక్కిన ప్రతి కీనీ ఎడిటర్ ఎలా అర్థం చేసుకుందో కింద రాసి చూపిస్తుంది. అక్కడ ఏమీ నమోదు కాకపోతే ఆ కీ ఎడిటర్ దాకా రావడమే లేదని, దారిలో విండోస్ గాని గ్రాఫిక్స్ డ్రైవరు గాని అందుకుంటోందని అర్థం. అదనపు కర్సర్లు పెట్టే కంట్రోల్+ఆల్ట్+బాణాలను నొక్కితే పాత ఇంటెల్ గ్రాఫిక్స్ ఉన్న కంప్యూటర్లలో తెర తలకిందులు కావడం ఇటువంటిదే. ఆ గ్రాఫిక్స్ ప్యానెల్‌లో హాట్ కీలను ఆపివేస్తే సరిపోతుంది.

ఉన్న కీలు బాగా చేతికి ఎక్కకముందే మార్చుకోవద్దని నా సలహా. మన విద్యార్థులు ఒకరోజు సొంత ల్యాప్‌టాప్‌లో, మరుసటి రోజు కాలేజీ ల్యాబ్‌లో, ఆ తరువాత ఉద్యోగ పరీక్షకు వెళ్లిన చోట మరో కంప్యూటర్‌లో పని చేయవలసి వస్తుంది. ఎక్కడికి వెళ్లినా మొదటి నుంచీ ఉన్న కీలే అక్కడ ఉంటాయి. సొంత యంత్రంలోనే పని చేసేవారు మార్చుకోదలిస్తే, గిట్‌హబ్ గాని మైక్రోసాఫ్ట్ గాని ఖాతాతో సెట్టింగ్స్ సింక్ పెట్టుకుంటే ఆ మార్పులు ఇతర కంప్యూటర్లకూ వెంట వస్తాయి. ల్యాబ్ కంప్యూటర్‌లో ఏదైనా కీని మార్చి ఉంటే, లేచే ముందు అదే పట్టికలో ఆ ఆదేశం మీద షిఫ్ట్+ఎఫ్10 నొక్కి, వచ్చిన మెనూలో రీసెట్ కీబైండింగ్ ఎంచుకోండి. మీ తరువాత ఆ కుర్చీలో కూర్చునే విద్యార్థికి అన్నీ యథాస్థితిలో దొరుకుతాయి.